282 మార్కుల బారిష్టరు

బొంబాయి ఎల్ఫిన్‌స్టన్ హైస్కూలు నుంచి 1907లో మెట్రిక్యులేషన్ నెగ్గిన ఒక పదహారేళ్ల విద్యార్థికి 750 మార్కులకు గాను 282 వచ్చాయి. శాతంలో చెబితే 37.6. నలభై ఏళ్ల తర్వాత స్వతంత్ర భారతదేశపు తొలి న్యాయశాఖ మంత్రిగా, రాజ్యాంగ ముసాయిదా సంఘానికి అధ్యక్షుడిగా బాధ్యత వహించిన భీమ్‌రావ్ రామ్‌జీ అంబేడ్కరే ఆ విద్యార్థి. ఆయన సంపాదించిన పట్టాల జాబితా విగ్రహాల పీఠాల మీద, హాస్టలు గోడల మీద కనిపిస్తుంది. ఈ 282 మాత్రం ఎక్కడా కనిపించదు. ఆయనను ఆరాధించేవారు దానిని చెప్పడానికి మొహమాటపడతారు. ప్రతిభ పేరు చెప్పి రిజర్వేషన్లను ఎదిరించేవారు దానిని ఎన్నడూ లెక్కలోకి తీసుకోరు. న్యాయవిద్యకు ఎవరు అర్హులన్న చర్చ నేడు చేయదలచినవారు ఆ జీవితంలో మొదట చదవవలసిన అంకె అదే.

ఈ అంకెను నేటి నిబంధన పక్కన పెట్టి చూడాలి. బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2008లో రూపొందించిన న్యాయవిద్యా నిబంధనలను అనుసరించి లా కోర్సులో చేరాలంటే అంతకు ముందరి అర్హత పరీక్షలో జనరల్ అభ్యర్థులకు 45 శాతం, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం మార్కులు ఉండాలి. తెలుగు రాష్ట్రాల లాసెట్ నోటిఫికేషన్లలో బీసీలకు ఇది 42 శాతం. ఇక మన ఇంటర్మీడియట్‌లో ఉత్తీర్ణతకు 35 శాతం చాలు. అంటే 35కీ 40కీ మధ్య మార్కులు తెచ్చుకున్న దళిత, ఆదివాసీ విద్యార్థి ఇంటర్ పాసైనట్టే, న్యాయశాస్త్రం చదవడానికి మాత్రం పనికిరానట్టే. ప్రవేశ పరీక్షలో ఎంత మంచి ర్యాంకు వచ్చినా ధ్రువపత్రాల పరిశీలన దగ్గర వెనక్కి తిరగవలసిందే. 37.6 సరిగ్గా ఈ సందులో పడుతుంది.

నాటి మెట్రిక్యులేషన్, నేటి ఇంటర్మీడియట్ ఒకటి కావు. నాటి పరీక్షకుల కొలత వేరు, నేటి బోర్డుల కొలత వేరు. అంకెకు అంకెను తూచి తీర్పు చెప్పడం ఈ వ్యాసం ఉద్దేశం కాదు. ఆ మార్కులు దేనిని కొలిచాయి, దేనిని కొలవలేకపోయాయి అన్నదే అసలు ప్రశ్న. దానికి జవాబు కావాలంటే ఆ 282 ఏ దారిన వచ్చాయో చూడాలి.

అంబేడ్కర్ 1891 ఏప్రిల్ 14న మౌ సైనిక స్థావరంలో జన్మించారు. తండ్రి రామ్‌జీ సక్పాల్ బ్రిటిష్ సైన్యంలో సుబేదారు. మహర్ కులంలో అక్షరం అబ్బిన కొద్ది కుటుంబాలలో అదొకటి, అదీ సైన్యపు బడుల పుణ్యమే. పద్నాలుగు మంది సంతానంలో భీమ్‌రావ్ కడసారివాడు. ఊహ తెలిసీ తెలియని వయసులోనే తల్లి భీమాబాయి చనిపోయింది. 1900 నవంబరు 7న సతారా ప్రభుత్వ పాఠశాలలో ఆ బాలుడి పేరు నమోదైంది. పేరు రిజిస్టరులోకి ఎక్కింది కాని పిల్లవాడికి తరగతిలో చోటు దక్కలేదు. ఇంటి నుంచి తెచ్చుకున్న గోనెపట్టా మీద ఒక మూలన కూర్చోవాలి, బడి విడిచాక దానిని మళ్లీ ఇంటికి మోసుకుపోవాలి. దాహమేస్తే కుళాయి ముట్టరాదు. బంట్రోతు వచ్చి కుళాయి తిప్పితేనే నీళ్లు. బంట్రోతు రాని రోజున దాహంతోనే పాఠం వినాలి.

1901లో తండ్రి ఉద్యోగం చేస్తున్న ఊరికి అన్నతో, మేనల్లుళ్లతో కలిసి బయలుదేరిన ప్రయాణం ఆ పిల్లవాడికి మరో పాఠం నేర్పింది. రైలు దిగి బండి మాట్లాడుకున్నాక వారి కులం తెలిసింది. రెట్టింపు బాడుగ ఇస్తామన్నా బండివాడు పగ్గాలు పట్టలేదు. పిల్లలే బండి తోలుకుంటూ ప్రయాణించారు. చేతిలో తిండి ఉంది, దారిలో గుక్కెడు నీళ్లిచ్చేవారు లేరు. తొమ్మిది పదేళ్ల వయసులో నీటికి ఉన్న హద్దులు ఎక్కాల కంటె ముందే అర్థమయ్యాయి. పరీక్షాపత్రంలో ఈ విద్యకు మార్కులుండవు.

కుటుంబం బొంబాయి చేరి పరేల్ కార్మికవాడలో ఒక చాల్‌లో ఒకే గదిలో కాపురం పెట్టింది. వంట, పడక, సామాను, చదువు అన్నీ ఆ గదిలోనే. ఇంటిల్లిపాదీ నిద్రపోయిన వేళ తెల్లవారుజామున రెండింటికి తండ్రి లేపితే దీపం ముందు కూర్చుని చదువుకోవాలి. కొడుకు అడిగిన పుస్తకం కొనడానికి రామ్‌జీ పెళ్లయిన కూతుళ్ల నగలు అడిగి తెచ్చి కుదువపెట్టేవాడు. ఎల్ఫిన్‌స్టన్ ప్రభుత్వ పాఠశాల, నగరం నడిబొడ్డున ఉంది. అక్కడా ఒకనాడు లెక్క చేయమని ఉపాధ్యాయుడు నల్లబల్ల దగ్గరికి పిలిస్తే, తోటి పిల్లలు ఉరికివచ్చి బల్ల వెనుక పెట్టుకున్న తమ అన్నం డబ్బాలను పక్కకు తీసేసుకున్నారు. ఆ తర్వాతనే ఆ విద్యార్థి సుద్దముక్క పట్టుకోగలిగాడు.

సంస్కృతం చదవాలని ఆయన కోరిక. అంటరానివాడికి ఆ భాష నేర్పడానికి అనుమతి దొరకలేదు. పారశీకం తీసుకోవలసి వచ్చింది. అంటే ఆ మార్కుల జాబితాలో ఒక సబ్జెక్టును విద్యార్థి ఎంచుకోలేదు, కులం ఎంచిపెట్టింది. దశాబ్దాల తర్వాత సొంత కృషితో సంస్కృతంలో ప్రవేశం సంపాదించి, ధర్మశాస్త్రాలను తర్కానికి నిలబెట్టి, శూద్రుల మూలాలపై 1946లో గ్రంథం వెలువరించిన వ్యక్తి ఆయనే. బడి ఆయనకు సంస్కృతం రాదని తేల్చలేదు. పరీక్షించే అవకాశమే ఇవ్వలేదు. అర్హత లేకపోవడానికీ అర్హతను పరీక్షకు పెట్టనివ్వకపోవడానికీ ఉన్న తేడా మార్కుల జాబితాలో కనిపించదు.

ఇన్నింటి మధ్య వచ్చిన 282 మార్కులకు ఆ వాడ పండుగ చేసుకుంది. అంటరాని కుటుంబంలో మెట్రిక్యులేషన్ నెగ్గడమంటే అప్పటికి అంత పెద్ద విషయం. సంఘసంస్కర్త సీతారాం కేశవ్ బోలే అధ్యక్షతన అభినందన సభ జరిగింది. ఆ సభలో ఉన్న ఉపాధ్యాయుడు, మరాఠీ రచయిత కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్రను బహూకరించారు. కేలూస్కర్‌కు ఆ విద్యార్థి కొత్తవాడు కాడు. సాయంత్రాలు తోటలో ఒక మూల కూర్చుని, పాఠ్యపుస్తకాలు కానివి కూడా ఆబగా చదివే ఆ కుర్రవాడిని ఆయన అంతకు ముందే గమనించి, పలకరించి, పుస్తకాలిస్తూ వచ్చారు. మార్కుల జాబితా చూసి కాక, చదివే తీరు చూసి ఆయన ఒక అంచనాకు వచ్చారు.

ఆ అంచనాయే చరిత్రను మలుపు తిప్పింది. ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చేరాక తండ్రి చేతిలో డబ్బు అయిపోయింది. చదువు ఆగిపోయే స్థితిలో కేలూస్కర్ ఆ యువకుడిని బరోడా పాలకుడు శాయాజీరావ్ గాయక్వాడ్ వద్దకు తీసుకువెళ్లారు. మహారాజు ప్రశ్నలు వేశారు, సమాధానాలు విన్నారు, తృప్తిపడి నెలకు 25 రూపాయల ఉపకార వేతనం మంజూరు చేశారు. 40 శాతానికి తక్కువైతే లోపలికి రానివ్వరాదన్న నియమం ఆ దర్బారులో ఉండి ఉంటే ఆ సంభాషణే జరిగేది కాదు. ఆ సాయంతో 1912లో ఆర్థిక, రాజనీతి శాస్త్రాలతో బి.ఎ. పూర్తయింది. కళాశాలలోనూ హోటలు యజమాని టీ, మంచినీళ్లు ఇవ్వలేదు. ముల్లర్ అనే ఆచార్యుడు మాత్రం పుస్తకాలు, బట్టలు ఇచ్చి ఆదుకున్నారు.

1913 ఫిబ్రవరిలో తండ్రి మరణించారు. అదే సంవత్సరం విదేశాల్లో చదివే వారికోసం బరోడా సంస్థానం ఇచ్చిన మూడేళ్ల ఉపకార వేతనానికి అంబేడ్కర్ ఎంపికయ్యారు. తిరిగి వచ్చి పదేళ్లు సంస్థానంలో కొలువు చేస్తానని ఒప్పందం రాసి, జూలైలో న్యూయార్క్ చేరి కొలంబియా విశ్వవిద్యాలయంలో ప్రవేశించారు. జీవితంలో తొలిసారి అందరితోపాటు ఒకే బల్ల దగ్గర తిన్నారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. ఆ మూడేళ్లలో ఏం జరిగిందో విశ్వవిద్యాలయ రికార్డులే చెబుతాయి. ఆర్థికశాస్త్రంలో 29 కోర్సులు, చరిత్రలో 11, సామాజికశాస్త్రంలో 6, తత్త్వశాస్త్రంలో 5, మానవశాస్త్రంలో 4, రాజనీతిలో 3 ఆయన చదివారు. ఎడ్విన్ సెలిగ్మన్, జాన్ డ్యూయీ వంటివారి శిష్యరికం దొరికింది. 1915లో ఎం.ఎ. వచ్చింది. 1916 మే 9న గోల్డెన్‌వైజర్ నిర్వహించిన సెమినారులో భారతదేశంలో కులాల పుట్టుకపై పత్రం సమర్పించారు. కులానికి మూలం అంతర్వివాహ నియమంలో ఉందని, స్త్రీల జీవితాలపై నియంత్రణ ద్వారానే అది నిలబడుతోందని పాతికేళ్ల వయసులో ఆయన చేసిన విశ్లేషణ లేకుండా నేటికీ కులంపై చర్చ సాగదు. అదే ఏడాది పరిశోధనా వ్యాసమూ సిద్ధమైంది.

బొంబాయిలో 282 తెచ్చుకున్న మెదడు, న్యూయార్క్‌లో ఈ పని చేసిన మెదడు ఒకటే. ఆ తొమ్మిదేళ్లలో మారింది కూర్చునే చోటు, దొరికిన గ్రంథాలయం, తిండికీ పుస్తకాలకీ చేతిలో ఉన్న డబ్బు, ఎవరూ పక్కకు జరగని తరగతి గది. మార్కులు బుద్ధిని ఎంతవరకు కొలుస్తాయో, బతుకును ఎంతవరకు కొలుస్తాయో తెలుసుకోవడానికి ఇంతకంటె స్పష్టమైన ఉదాహరణ మన దేశ చరిత్రలో మరొకటి దొరకడం కష్టం.

1916 అక్టోబరులో లండన్ చేరిన అంబేడ్కర్ లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో చేరారు. నవంబరు 11న గ్రేస్ ఇన్‌లో న్యాయవిద్యార్థిగా నమోదయ్యారు. బారిష్టరు కాదలచినవారు అక్కడ నిర్ణీత సంఖ్యలో విందులకు హాజరై, పరీక్షలు నెగ్గాలి. మెట్రిక్యులేషన్‌లో ఎన్ని మార్కులు వచ్చాయన్నది ఆ ద్వారం దగ్గర అడ్డు రాలేదు. అయితే అప్పటికి ఉపకార వేతనం గడువు తీరింది. 1917లో రెండు చదువులూ మధ్యలో ఆపి స్వదేశం రావలసి వచ్చింది.

బరోడాలో మిలిటరీ సెక్రటరీ హోదా ఎదురుచూస్తోంది. హోదా ఉంది కాని అద్దెకు ఇల్లు లేదు. పారశీ సత్రంలో పేరు మార్చుకుని తలదాచుకున్నారు. సంగతి బయటపడగానే కర్రలు పట్టుకువచ్చిన గుంపు వెళ్లగొట్టింది. కార్యాలయంలో బంట్రోతులు దస్త్రాలను చేతికి అందించకుండా బల్ల మీద దూరం నుంచి విసిరేవారు. కొలంబియా పట్టా, లండన్ చదువు, సంస్థానపు కొలువు మూడూ కలిసినా ఆ నగరంలో ఒక్క గది దొరకలేదు. ఆయన ఆ నగరం విడిచి బొంబాయి వచ్చేశారు. ఇంకొకరి దయ మీద ఆధారపడే ఉద్యోగం తనను, తన జనాన్ని నిలబెట్టదన్నది ఆయనకు అక్కడ తేలిపోయింది. న్యాయవాద వృత్తి ఆయన దృష్టిలో బతుకుతెరువు మాత్రమే కాదు, ఎవరికీ తలవంచకుండా ప్రజాజీవితంలో పనిచేయడానికి దొరికే స్వేచ్ఛ.

1918 నవంబరులో బొంబాయి సిడెన్‌హామ్ కళాశాలలో రాజకీయ ఆర్థికశాస్త్ర ఆచార్యుడిగా చేరారు. ఆచార్యుల గదిలోని కూజాలో ఆయన నీళ్లు తాగరాదని సహోద్యోగులు అభ్యంతరపెట్టారు. జీతంలో మిగిల్చుకున్న డబ్బు, కొల్హాపూర్ పాలకుడు శాహూ మహారాజ్ సాయం, మిత్రుడు నావల్ భథేనా ఇచ్చిన అయిదు వేల రూపాయల అప్పు కలిపి 1920 జూలైలో మళ్లీ లండన్ ప్రయాణమయ్యారు. బ్రిటిష్ మ్యూజియం గ్రంథాలయం తలుపులు తెరిచినప్పుడు లోపలికి వెళితే మూసేటప్పుడు బయటికి రావడం దినచర్య. కడుపు నిండా తిన్న రోజులు తక్కువ. 1921లో ఎం.ఎస్‌సి., 1922లో బారిష్టరు పట్టా, 1923లో రూపాయి సమస్యపై రాసిన సిద్ధాంత గ్రంథానికి డి.ఎస్‌సి. లభించాయి.

ఇన్ని పట్టాలతో 1923లో బొంబాయి తిరిగివచ్చిన బారిష్టరు దగ్గర హైకోర్టులో సన్నదు తీసుకోవడానికి డబ్బు లేదు. మళ్లీ భథేనాయే ఆదుకున్నారు. కోర్టులోకి అడుగుపెట్టాక మరో గోడ ఎదురైంది. కేసులు సొలిసిటర్ల ద్వారా రావాలి. సొలిసిటర్లు అగ్రవర్ణాలవారు. అంటరాని బారిష్టరుకు కేసు అప్పగించేవారు కరవయ్యారు. కుటుంబం గడవడానికి 1925 నుంచి మూడేళ్లపాటు బాట్లీబాయ్ సంస్థలో అకౌంటెన్సీ విద్యార్థులకు వాణిజ్యచట్టం బోధించారు. పరేల్‌లోని దామోదర్ హాలు కార్యాలయానికి వచ్చే కక్షిదారులు మిల్లు కార్మికులు, పేద రైతులు, ఫీజు ఇవ్వలేనివారు. 1926లో బ్రాహ్మణేతర ఉద్యమ నాయకులు బాగ్డే, జేధే, జవల్కర్‌లపై పడిన పరువునష్టం కేసులో అప్పీలు గెలిపించినప్పుడు ఆ బారిష్టరు ఎవరో మహారాష్ట్రకు తెలిసింది.

చట్టం ఆయన చేతిలో ఏం చేసిందో చెప్పడానికి మహాడ్ ఒక్కటి చాలు. ప్రజాధనంతో నడిచే చెరువులు, బావులు అంటరానివారికి తెరవాలని 1923లో బొంబాయి శాసనమండలిలో తీర్మానం చేయించింది సీతారాం బోలే. పదహారేళ్ల కిందట 282 మార్కుల విద్యార్థిని అభినందించిన సభకు అధ్యక్షత వహించినది ఆయనే. ఆ తీర్మానం కాగితం మీద నిద్రపోతుంటే, 1927 మార్చి 20న అంబేడ్కర్ వేలమందిని వెంటబెట్టుకుని మహాడ్ చవదార్ చెరువుకు నడిచి దోసిలితో నీళ్లు తాగారు. అగ్రవర్ణాలవారు చెరువు తమదంటూ కోర్టుకెక్కారు. ఆ వ్యాజ్యం కింది కోర్టు నుంచి హైకోర్టు దాకా పదేళ్లు నడిచింది. 1937 మార్చి 17న బొంబాయి హైకోర్టు అంటరానివారి హక్కును నిలబెట్టింది. ఉద్యమం ఒక్కరోజులో తాగిన నీటిని హక్కుగా స్థిరపరచడానికి న్యాయశాస్త్రం తెలిసిన మనిషి పదేళ్లు కావలసి వచ్చాడు. దళితులలో న్యాయవాదులు ఎందుకు ఉండాలన్న ప్రశ్నకు ఇది జవాబు.

1928లో ఆయన బొంబాయి ప్రభుత్వ న్యాయకళాశాలలో బోధకుడయ్యారు. 1935 జూన్‌లో అదే కళాశాలకు ప్రిన్సిపాల్ అయ్యారు. న్యాయవిద్యను ఎలా సంస్కరించాలన్న విషయంపై 1936లో వ్యాసం రాశారు. చట్టాలు వల్లెవేసినంత మాత్రాన న్యాయవాది కాడని, ఇతర శాస్త్రాల పరిచయం కూడా కావాలని ఆయన అభిప్రాయం. ప్రమాణాల విషయంలో ఆయన ఎన్నడూ రాజీపడలేదు. తరగతి గదిలో ఆయన కఠినమైన గురువు. అయితే లోపలికి వచ్చాక ఎంత శ్రమ చేయించాలన్నది ఒక విషయం, ఎవరిని లోపలికి రానివ్వాలన్నది వేరొక విషయం. మొదటిదానిలో ఉండవలసిన కాఠిన్యాన్ని రెండోదానిలో చూపడమే మన విద్యావ్యవస్థ చేస్తున్న తప్పు.

అధికారం చేతికి వచ్చిన ప్రతిసారీ ఆయన ఆ ద్వారాన్ని వెడల్పు చేయడానికే వాడుకున్నారు. వైస్రాయ్ కార్యనిర్వాహక మండలిలో సభ్యుడిగా ఉండగా షెడ్యూల్డు కులాలకు ఉద్యోగాల్లో వాటా కోసం, విదేశాల్లో చదవడానికి ఉపకార వేతనాల కోసం పట్టుబట్టి సాధించారు. తనకు ఒక మహారాజు దయతో దక్కినది ఇతరులకు ప్రభుత్వ బాధ్యతగా దక్కాలన్నది దాని సారాంశం. 1945లో పీపుల్స్ ఎడ్యుకేషన్ సొసైటీ స్థాపించి, మరుసటి ఏడాది బొంబాయిలో సిద్ధార్థ కళాశాల తెరిచారు. 1950లో అప్పటి హైదరాబాద్ రాష్ట్రంలో భాగమైన ఔరంగాబాద్‌లో కళాశాల నెలకొల్పారు. చనిపోయిన ఏడాది 1956లో సొసైటీ పక్షాన బొంబాయిలో న్యాయకళాశాల కూడా మొదలైంది.

రాజ్యాంగం అమల్లోకి వచ్చిన కొన్ని నెలలకే మార్కుల వాదం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. అది కోస్తా, రాయలసీమ జిల్లాలు ఇంకా మద్రాసు రాష్ట్రంలో ఉన్న కాలం. వృత్తివిద్యా కళాశాలల్లో ప్రతి 14 సీట్లను బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లు, భారతీయ క్రైస్తవులకు 1, ముస్లింలకు 1 చొప్పున పంచే కమ్యూనల్ జీవోను చంపకం దొరైరాజన్, సి.ఆర్. శ్రీనివాసన్ సవాలు చేశారు. వైద్య కళాశాలలో తనకు సీటు రాదని వాదించిన చంపకం అసలు దరఖాస్తే పెట్టలేదు. అయినా 1951 ఏప్రిల్ 9న సుప్రీంకోర్టు జీవోను కొట్టివేసింది. రెండు నెలలు గడిచేసరికి మొదటి సవరణ వచ్చి, సామాజికంగా, విద్యాపరంగా వెనుకబడిన వర్గాలకూ ఎస్సీ, ఎస్టీలకూ ప్రత్యేక ఏర్పాట్లు చేసే అధికారాన్ని 15(4) అధికరణంగా రాజ్యాంగంలో చేర్చింది. ఆ సవరణను పార్లమెంటులో సమర్థించిన న్యాయశాఖ మంత్రి అంబేడ్కర్. మార్కుల వరుసే న్యాయమన్న వాదానికి రాజ్యాంగంలోనే సమాధానం రాయించిన చేయి, ఒకనాడు ఆ వరుసలో అడుగున నిలిచిన విద్యార్థిదే.

1952లో కొలంబియా విశ్వవిద్యాలయం ఆయనకు గౌరవ న్యాయ డాక్టరేట్ ఇచ్చింది. 1953 జనవరి 12న ఉస్మానియా విశ్వవిద్యాలయం గౌరవ డాక్టరేట్ ప్రదానం చేసింది. విశ్వవిద్యాలయాలు పట్టాలు ఇచ్చి గౌరవించుకున్న ఆ పేరును ఇప్పుడు ప్రతి కళాశాల ఏప్రిల్ 14న స్మరిస్తుంది. ఆ పూలదండలు వేసే చేతులే జూలై, ఆగస్టుల్లో కౌన్సెలింగ్ బల్ల దగ్గర 38 శాతం మార్కుల దళిత విద్యార్థి దరఖాస్తును పక్కన పెడతాయి.

దీనికి వచ్చే ప్రత్యుత్తరాలు మనకు తెలిసినవే. అంబేడ్కర్ అసాధారణ మేధావి, ఒక మేధావిని చూపి నియమాన్ని సడలించమనడం తగదని అంటారు. ఆ అసాధారణత 1907లో ఎవరికి కనిపించిందో వారు చెప్పాలి. పరీక్షకులకు కనిపించలేదు. తోటలో పుస్తకం చదువుతుండగా చూసిన ఒక్క ఉపాధ్యాయుడికి కనిపించింది. ఏ కేలూస్కర్ కంటా పడని పిల్లలు ఎందరో మనకు లెక్క లేదు, ఉండదు. ద్వారం దగ్గర ఆగిపోయినవారికి చరిత్ర ఉండదు గనుక అలాంటివారు లేరనుకోవడం సుఖంగా ఉంటుంది.

ప్రమాణాలు పడిపోతాయన్నది రెండో మాట. కనీస మార్కుల గీత తీసేసినంత మాత్రాన ఎవరూ న్యాయవాది అయిపోరు. ప్రవేశ పరీక్ష ఉంది. మూడేళ్లో అయిదేళ్లో ప్రతి సెమిస్టరుకూ పరీక్షలున్నాయి. పట్టా చేతికి వచ్చాక ప్రాక్టీసు చేయడానికి అఖిల భారత బార్ పరీక్ష ఉంది. ఇన్ని జల్లెడలు ముందుండగా, పదిహేడేళ్ల వయసులో హాస్టలు గదిలోనో కూలిపనుల మధ్యనో రాసిన ఒక పరీక్షను జీవితాంతపు అనర్హతగా మార్చడం వల్ల కాపాడబడే ప్రమాణం ఏమిటి? మన లాసెట్‌లో ఇతరులకు 120కి 42 అర్హత మార్కులు కాగా, ఎస్సీ, ఎస్టీలకు కనీస మార్కు నియమం లేదు. ప్రవేశ పరీక్షలోనే అవసరం లేదనుకున్న గీతను, అంతకు ముందరి పరీక్ష మీద గీసి కూర్చోవడంలో ఏ తర్కమూ లేదు.

అలాగని ప్రవేశ పరీక్షే నిజమైన కొలబద్ద అని నమ్మనక్కరలేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాల క్లాట్ ఇంగ్లిషులోనే జరుగుతుంది. కోచింగ్ కొనుక్కోగలిగినవారికి అది అనుకూలం. దామోదరం సంజీవయ్య పేరు పెట్టుకున్న విశాఖ న్యాయ విశ్వవిద్యాలయంలో చేరాలన్నా దారి ఆ పరీక్షే. కర్నూలు జిల్లా పల్లెలో పేద దళిత కుటుంబంలో పుట్టి, మద్రాసు న్యాయకళాశాలలో చదివి, ముఖ్యమంత్రి అయిన సంజీవయ్య వంటి విద్యార్థి నేడు తెలుగు మాధ్యమం నుంచి ఆ ద్వారం దాటగలడా అన్నది ఆలోచించవలసిందే. ఒక కొలబద్దను తీసి మరొకదానికి పట్టం కట్టమని కోరడం లేదు. ఒక కొలబద్ద దగ్గర తప్పిపోయిన విద్యార్థికి మరొకచోట రుజువు చేసుకునే వీలుండాలి. మార్కులు బాగుండి పరీక్ష సరిగా రాయలేనివారికీ, మార్కులు తక్కువై పరీక్ష బాగా రాసినవారికీ ఇద్దరికీ ఇది వర్తించాలి.

కాబట్టి కోరవలసినది పెద్దదేమీ కాదు. అర్హత పరీక్షలో ఉత్తీర్ణుడై, ప్రవేశ పరీక్షలో సీటుకు తగిన ర్యాంకు తెచ్చుకున్న విద్యార్థిని కనీస శాతం పేరిట వెనక్కి పంపరాదని బార్ కౌన్సిల్ తన నిబంధన సవరించాలి. మొదట ఎస్సీ, ఎస్టీ, బీసీ విద్యార్థులకైనా ఈ మార్పు అమలు చేయాలి. తెలుగు రాష్ట్రాల ఉన్నత విద్యామండళ్లు ఏటా ఎందరు అభ్యర్థులు ర్యాంకు ఉండీ ఈ కారణంతో సీటు కోల్పోయారో లెక్క తీసి ప్రకటించాలి. విద్యార్థి సంఘాలు ఆ లెక్కను అడగాలి. 35కీ 40కీ మధ్య ఉన్నది అయిదు శాతమే. ఆ అయిదు శాతంలోనే అంబేడ్కర్ మార్కులు ఉన్నాయి.